జగద్గురువు ఎన్నికలో తెలుగు వోటు

2025వ సంవత్సరము మే నెల 7వ తేదీని రోమా నగరమున, వాటికనులోని సిస్టైను మందిరమున 133 మంది కార్డినళ్లు ప్రవేశించిరి. ఎన్నికతో సంబంధము లేనివారందఱు వెలుపలికి పంపబడిరి, తలుపులు మూయబడినవి. మఱునాటి సాయంకాలము, నాలుగవ పర్యాయపు వోట్ల పిమ్మట, మందిరముపై నమర్చిన గొట్టమునుండి తెల్లని పొగ వెడలెను. ఏప్రిలు 21వ తేదీని పరమపదించిన ఫ్రాన్సిసు పాపుగారి స్థానమునకు, అమెరికా దేశపు షికాగో నగరమున 1955లో పుట్టి, పెరూ దేశమున చిరకాలము పనిచేసిన రాబర్టు ఫ్రాన్సిసు ప్రెవోస్తు ఎన్నికయ్యెను. ఆయన పదునాలుగవ లియో అను పేరు దాల్చెను.

ఆ 133 మందిలో ఒకరు తెలుగువారు. కర్నూలు సీమలోని చిందుకూరు గ్రామమున 1961లో పేద దళిత కుటుంబమున జన్మించిన పూల అంతోనిగారు 1992లో గురుపట్టమును, 2008లో కర్నూలు పీఠాధిపత్యమును పొంది, 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా నియమితులైరి. 2022 ఆగస్టు 27వ తేదీని ఫ్రాన్సిసు పాపుగారు వీరికి కార్డినలు పదవి నొసగిరి. తెలుగువారిలో ఆ పదవి నందిన మొదటివారు వీరే. భారతదేశపు దళితులలోను మొదటివారు వీరే.

ఈ వార్తకు మన శ్రీకాకుళ విజయనగర మండలముల కతోలికులు సంతోషించుట సహజము. కాని సంతోషించుట వేఱు, ఆలోచించుట వేఱు. తమవా డొకడు పెద్దసభలో కూర్చుండెనను గర్వము రెండు దినములలో చల్లారును. ఆ సభ ఎట్లు పుట్టినది, అందు ఎవరికి చోటు దొరకినది, ఎవరికి దొరకలేదు అను విచారణ మాత్రము నిలుచును. కతోలికులు కానివారికి దీనితో పని యేమి యని కొందఱడుగవచ్చును. ఎన్నిక యనునది ఎవరి యింటిదైనను, అందు మనుష్యుడు మనుష్యునితో సమానముగా లెక్కింపబడెనా లేదా యన్న ప్రశ్న అందఱి యింటిదే గదా!

తెలుగు కతోలికులు పాపుగారిని జగద్గురువని పిలుతురు. ఈ మాట మన చెవులకు క్రొత్తది కాదు. శృంగేరి మొదలగు శంకరపీఠముల యధిపతులకును ఈ బిరుదమే కలదు. అచ్చట గురువు తన తరువాతివానిని తానే యేర్పఱచును. విజయనగరపు పూసపాటివారి సంస్థానము వంటి చోట్ల అధికారము రక్తమునుబట్టి సంక్రమించెను. కొడుకు లేనిచో దత్తత యుండెను. రోమా పీఠమున ఈ రెండు పద్ధతులును చెల్లవు. పాపుగారు బ్రహ్మచారి గనుక వారసత్వము లేదు. తన పిమ్మట ఫలానివాడు రావలెనని ఆయన శాసింపరాదు. అయినను ఎన్నుకొనువారిని ఏర్పఱచునది పూర్వపు పాపులే. 2025లో వోటు వేసిన 133 మందిలో 108 మంది ఫ్రాన్సిసు పాపుగారు నియమించినవారు. కాబట్టి పోయినవారి చేయి ఎన్నికపై బొత్తిగా లేదనరాదు. అది పేరు వ్రాయదు, వ్రాయువారిని మాత్రము కూర్చును.

మొదట నిట్లు లేదు. ప్రాచీనకాలమున రోమా పీఠాధిపతిని ఆ నగరపు క్రైస్తవ జనులును గురువులును కలసి యెన్నుకొనుచుండిరి. 236వ సంవత్సరమున ఫేబియనుగారి యెన్నికనుగూర్చి యూసేబియసు అను చరిత్రకారుడొక ముచ్చట వ్రాసెను. పల్లెనుండి వచ్చిన ఆయన పేరు ఎవరి మనసునను లేకుండెనట. ఇంతలో ఒక పావురము వచ్చి ఆయన తలపై వ్రాలెనట. జనులందఱు ఏకకంఠముగా ఈతడే యర్హుడని కేక వేసిరట. పావురమును నమ్మినను నమ్మకున్నను, కేక వేసినవారు జనులను మాట గుర్తింపదగినది.

జనులు కూడినచోట కలహములును కూడినవి. రోమా నగరపు ప్రభుకుటుంబములు, జర్మను చక్రవర్తులు ఆ పీఠమును తమ చేతి కీలుబొమ్మగా చేయజూచిరి. ఈ బాధను తప్పింపగోరి 1059లో రెండవ నికొలసు పాపుగారు ఎన్నిక కార్డినళ్లదేయని, అందును కార్డినలు పీఠాధిపతులే ముందు పూనుకొనవలెనని నిర్ణయించిరి. ఇతర గురువులకును జనులకును సమ్మతి తెలుపుట మాత్రమే మిగిలెను. 1159లో రెండు పక్షములు ఇద్దఱు పాపుల నెన్నుకొనగా ఆ రోత చాలకాలము సాగెను. అందుచే 1179లో మూడవ లాటరను మహాసభయందు మూడవ అలెగ్జాండరు పాపుగారు మూడింట రెండు వంతుల వోట్లు రావలెనను నియమమును చేసిరి. ఈ నియమము నేటికిని నిలిచియున్నది. 2025లో కావలసినవి 89 వోట్లు.

తలుపులు మూయుట కొకకథ కలదు. 1268 నవంబరులో నాలుగవ క్లెమెంటు పాపుగారు మరణించిన పిమ్మట విటెర్బో పట్టణమున చేరిన కార్డినళ్లు రెండు సంవత్సరముల తొమ్మిది మాసములు తేల్చుకొనలేకపోయిరి. విసిగిన పురజనులు వారిని లోపల నుంచి తలుపులు బిగించి, ఆహారము తగ్గించి, తుదకు పైకప్పునుగూడ తీసివేసిరని చెప్పుదురు. 1271 సెప్టెంబరులో ఎన్నికైన పదవ గ్రెగొరీ పాపుగారు ఈ యనుభవమును మఱవలేదు. 1274లో లియోను మహాసభయందు ఆయన చేసిన శాసనము ప్రకారము కార్డినళ్లు ఒకే కప్పు క్రింద నుండవలెను. మూడు దినములలో తేలనిచో పూటకొక వంటకము. మఱి యైదు దినములకును తేలనిచో రొట్టె, నీరు, ద్రాక్షరసము మాత్రమే. పెద్దల ఆలస్యమును ఆకలి మందుతో కుదిర్చిన ఈ శాసనమును తలచినపుడు నవ్వు వచ్చును గాని, అందొక న్యాయము కలదు. పదవియందున్నవారి తీరికకు ప్రజలు మూల్యము చెల్లింపరాదు.

మన దక్షిణదేశమునకు ఈ విచారము అపరిచితము కాదు. చోళరాజైన మొదటి పరాంతకుని కాలమున, 919, 921 సంవత్సరములలో చెక్కబడిన ఉత్తరమేరూరు శాసనములలో గ్రామసభా సంఘముల యెన్నిక పద్ధతి వివరముగా నున్నది. అర్హుల పేర్లు తాటియాకులపై వ్రాసి కుండలో వేసి, బాలునిచేత తీయించుచుండిరి. వయసు 35 మొదలు 70 వఱకు నుండవలెను. లెక్కలప్పగింపనివాడును వాని బంధువులును పనికిరారు. రోమా కార్డినళ్లకు ఎనుబదియేండ్లు దాటిన పిమ్మట వోటు లేదని ఆరవ పాలు పాపుగారు నియమించినది 1970లో. వెయ్యేండ్ల ముందే మన గ్రామమొకటి పైవయసునకు హద్దు గీచినదని గర్వింపవచ్చును. కాని ఆ సభ బ్రాహ్మణ గ్రామసభ యనియు, ఆ కుండలో పడిన ఆకులపై ఇతరుల పేర్లకు తావు లేదనియు గూడ చెప్పుట సత్యమునకు న్యాయము. పద్ధతి ఎంత నిర్దుష్టమైనను, కుండలో ఎవరి పేరు పడునో నిర్ణయించునది పద్ధతి కాదు, సంఘము.

రోమా పద్ధతియు క్రమక్రమముగా శుద్ధి పొందెను. 1621లో పదునైదవ గ్రెగొరీ పాపుగారు రహస్యముగా కాగితముపై వ్రాసి వోటు వేయు విధానమును స్థిరపఱచిరి. 1903లో కార్డినలు రంపొల్లాకు వోట్లు పెరుగుచుండగా, ఆస్ట్రియా చక్రవర్తి తరపున క్రాకో నగరపు కార్డినలు పుజీనా లేచి, మా ప్రభువునకు ఈయన సమ్మతుడు కాడని తెలిపెను. ఆ యెన్నికలో పాపు పదవి నందిన పదవ పైయసుగారే మఱుసంవత్సరము, 1904లో, రాజుల ఈ నిషేధపు హక్కును రద్దు చేసిరి. అప్పటినుండి ఏ రాజ్యమునకును ఆ గదిలో నాలుక లేదు.

ఇంతవఱకు చెప్పినదానిని కూడదీసి చూడగా, వోటు హక్కు గలవారి వలయము సన్నగిల్లుచు వచ్చినట్లు కనబడును: జనులు, పిదప గురువులు, పిదప కార్డినళ్లు. ఒక్క 1417లో మాత్రము, ముగ్గురు పాపులు మేమంటే మేమని పోరాడిన కాలము ముగియునపుడు, కాన్‌స్టాన్సు మహాసభయందు 23 మంది కార్డినళ్లతో పాటు జాతికి ఆర్గురు చొప్పున ఐదు జాతుల ప్రతినిధులు 30 మంది కూడి అయిదవ మార్టినును ఎన్నుకొనిరి. ఆ మార్గము మఱల త్రొక్కబడలేదు.

కాని వలయము సన్నగిల్లిన కాలముననే దాని నేల విశాలమగుచు వచ్చెను. 1922లో అమెరికానుండి ఓడమీద బయలుదేఱిన కార్డినళ్లు రోమా చేరులోపల ఎన్నిక ముగిసిపోయెను. ఎన్నికైన పదునొకండవ పైయసు పాపుగారు వెంటనే, దూరదేశములవారు వచ్చువఱకు పది దినములకు మాఱు పదునైదు దినములు వేచియుండవలెనని నియమించిరి. దూరముననున్నవాని రాకకై దగ్గఱనున్నవాడు కాచుకొనుట సమానత్వమునకు మొదటి మెట్టు. 1953లో బొంబాయి అగ్రపీఠాధిపతి వలేరియను గ్రేషియసు భారతదేశపు మొదటి కార్డినలైరి. 1958లో ఆయన వోటు వేసిరి. 2025లో భారతీయుల వోట్లు నాలుగు. అందొకటి తెలుగువోటు.

అది రోమాకు చేరుటకు పట్టిన కాలమును మన ప్రాంతపు చరిత్రతో కలిపి లెక్కింపవలెను. సవాయ్ సీమలోని అన్సీ పట్టణమునుండి బయలుదేఱిన సలేసు ఫ్రాన్సిసు సభవారు 1846లో విశాఖపట్టణము చేరిరి. 1847లో అచ్చట సెయింటు అలోసియసు పాఠశాల వెలసెను. ఆ వెనుక అన్సీనుండియే జోసెఫు సభ మఠకన్యలు వచ్చి ఆడుపిల్లల చదువునకును రోగుల సేవకును పూనుకొనిరి. 1886లో పదుమూడవ లియో పాపుగారు భారతదేశమంతట పీఠములను క్రమపఱచినపుడు విశాఖపట్టణమును హైదరాబాదును పీఠములైనవి. ఆ విశాఖపట్టణ పీఠమునుండియే 1993లో శ్రీకాకుళ పీఠము విడివడెను.

ఆ పదుమూడవ లియోగారే 1893లో భారతదేశమునకు స్వదేశ గురువులు కావలెనని చాటి, సింహళమునందలి కాండీ పట్టణమున గురువిద్యాలయమును నెలకొల్పిరి. భారతదేశపు రక్షణకు భారతదేశపు పుత్రులే సేవకులు కావలెననుట ఆయన సంకల్పము. సంకల్పము రోమాలో పుట్టిన దినముననే ఇచ్చట ఫలింపలేదు. లాటిను ఆచారపు పీఠమున నవీనకాలమున మొదటి భారతీయ పీఠాధిపతిగా తూత్తుకూడి రోషుగారు కూర్చున్నది 1923లో. తెలుగువారైన పోతకమూరి తోమాసుగారు గుంటూరు పీఠమునకు మొదటి యధిపతి యైనది 1940లో. తెలుగు కార్డినలు వచ్చినది 2022లో. స్వదేశ గురువులను గూర్చిన మాటకును, ఆ మాట దళితుని తలపై ఎఱ్ఱటోపీగా నిలుచుటకును నడుమ 129 సంవత్సరములు.

క్రొత్త పాపుగారు లియో అను పేరు గైకొనుట కిదివఱకే కారణము చెప్పిరి. ఎన్నికైన రెండవనాడు, మే 10వ తేదీని, కార్డినళ్లతో మాటలాడుచు, పదుమూడవ లియోగారు 1891లో కార్మికుల దుఃస్థితినిగూర్చి వెలువరించిన విశ్వలేఖను స్మరించిరి. ఆనాడు యంత్రములు మనుష్యుని పనిని మార్చినట్లే నేడు కృత్రిమ మేధ మార్చుచున్నదని, పనియొక్క గౌరవమును న్యాయమును కాపాడవలసియున్నదని వారి యభిప్రాయము.

ఈ మాట మా గరివిడివంటి చోట వినినపుడు అది దూరపు మాటగా తోపదు. ఆ విశ్వలేఖ వెలువడిన మఱుసంవత్సరము, 1892లో, ఈ ప్రాంతపు కోడూరు గనులలో మాంగనీసు త్రవ్వకము మొదలయ్యెను; భారతదేశమున మాంగనీసు గనుల కదియే నాంది. తరువాతి కాలమున గరివిడిలో ఆ ఖనిజమును కరగించు ఫెర్రో యెల్లాయిసు కర్మాగారము వచ్చెను. లియోగారి లేఖ సొంత ఆస్తిని సమర్థించినది, సామ్యవాదమును నిరాకరించినది. కాని కూలివాని కూలి యతని కుటుంబము పొదుపుగా బ్రదుకుటకు చాలవలెనని, ఆకలికి తాళలేక తక్కువ కూలికి ఒప్పుకొన్నవాని ఒప్పుదల నిజమైన ఒప్పుదల కాదని, కార్మికులు సంఘములుగా కూడుటకు హక్కు కలదని ఘంటాపథముగా చెప్పినది. గనిలోను కొలిమియొద్దను పనిచేసినవారు ఏ మతమువారైనను, ఈ మూడు మాటల విలువ వారికి బోధింపనక్కఱలేదు.

ఇక అసలు పరీక్షకు వత్తము. కతోలిక మతము ఈ దేశమునకు వచ్చినపుడు కులము దానికెదురై నిలిచినది. 1606లో మధుర చేరిన రాబర్టు నోబిలి సన్యాసి వేషమును ధరించి అగ్రకులములవారి నడుమ నివసించెను. శిఖాయజ్ఞోపవీతములు ఉంచుకొనవచ్చునని 1623లో అనుమతించినవారు, రహస్యపు వోటును స్థిరపఱచిన పదునైదవ గ్రెగొరీ పాపుగారే. కులీనులు దేవాలయమున హీనకులములవారిని తృణీకరింపరాదని ఆ పత్రముననే ఆయన వేడుకొనిరి. అనుమతి వెంటనే అమలైనది. వేడుకోలు అట్లు కాలేదు. తమిళదేశమున వడక్కన్‌కుళమను గ్రామమున 1872లో రెండు కులవర్గములకు రెండు పాయలుగా దేవాలయము కట్టిరి, నడుమ గోడ. బలిపూజ ఒక్కటే, గురువొక్కడే, దేవుడొక్కడే. కూర్చుండు నేల మాత్రము రెండు. ఆ గోడ 1910లో గాని పడగొట్టబడలేదు. పడగొట్టినందుకు న్యాయస్థానములదాక పోరు సాగెను.

ఇటుకగోడలు పడినను మనసులలోని గోడలు నిలిచినవని చెప్పుటకు పరమతస్థుల సాక్ష్యము అక్కఱలేదు. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్యయే 2016 డిసెంబరులో ప్రకటించిన దళిత సాధికారత విధానమునందు, సంఘములోపల అస్పృశ్యతయు వివక్షతయు నున్నవని ఒప్పుకొన్నది. వేఱు శ్మశానము, వేఱు వరుస, వియ్యమునకు వెనుదీయుట, ఊరేగింపు వీధిదాక రాకుండుట: వీనిలో నేదియు రోమాలోని శాసనముచే పోవునది కాదు, విచారణలో, పెద్దల కూటమిలో, పెండ్లిచూపుల నాటి వసారాలో పోవలసినది.

ప్రభుత్వపు చట్టమును ఇందు నిర్దోషి కాదు. 1950 ఆగస్టు 10వ తేదీనాటి రాష్ట్రపతి ఉత్తరువు హిందువులు కానివారిని షెడ్యూల్డు కులములలో లెక్కింపరాదన్నది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ ద్వారము తెరచిరి, క్రైస్తవులకు తెరవలేదు. 2022లో ఈ ప్రశ్నను విచారించుటకు మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణనుగారి యాధ్వర్యమున సంఘము నియమించిరి. ఆంధ్రదేశమున క్రైస్తవ దళితులు వెనుకబడిన తరగతులలోని సి వర్గమున చేర్పబడి, ఒక్క శాతపు రిజర్వేషనుతో తృప్తిపడవలసియున్నది. ఎంత విచిత్రము! పూల అంతోనిగారు మొదటి దళిత కార్డినలని లోకమంతయు చెప్పుకొనెను. ఆ మతమునందలి దళితుని మాత్రము షెడ్యూల్డు కులమువానిగా చట్టము గుర్తింపదు. ఊరు అతని కులమును మఱవదు, చట్టము దానిని తలపదు. మతము మార్చుకొన్నంతమాత్రమున వెలివాడ ఇల్లు ఊరి నడుమకు జరుగునా?

మఱియొక లోపమును గూడ మాటుపఱుపరాదు. ఆ 133 మందిలో స్త్రీ యొక్కతెయు లేదు. మన తీరమున పాఠశాలలును వైద్యశాలలును నడపిన మఠకన్యల శ్రమ నూటడెబ్బదియేండ్లకు పైబడినది. జగద్గురువు నెన్నుకొను గదిలో వారికి పీటలేదు. ఫ్రాన్సిసు పాపుగారు 2023లో పీఠాధిపతుల మహాసదస్సున స్త్రీలకు మొదటిసారి వోటు నిచ్చిరి. 2025 జనవరిలో సిమోనా బ్రంబిల్లా అను మఠకన్యను వాటికను ప్రధానశాఖ యొకదానికి అధ్యక్షురాలిగా నియమించిరి. ఇవి చిన్నమెట్లే, కాని గుమ్మము ఎక్కువారు మెట్లనే యెక్కవలెను. ఆడుపిల్లల చదువునకై వీరేశలింగముగారి కాలమునుండి పోరాడుచు వచ్చిన ఆంధ్రులకు ఈ విషయము బోధింపనక్కఱలేదు.

అయినచో ఈ యెన్నికవలన ఒఱగినదేమి? నా తలంపున రెండు కలవు. మొదటిది, ఆ గదిలో చిందుకూరు వానికిని చక్రవర్తుల నగరములనుండి వచ్చినవానికిని ఒక్కొక్క కాగితమే యిచ్చిరి. పేర్లు లెక్కించువారు వ్రాతనే చూచిరి గాని వ్రాసినవాని పుట్టుక నడుగలేదు. పందొమ్మిది శతాబ్దముల కలహములు, శాసనములు, తాళములు, రాజుల నిషేధములు గడచి చేరిన స్థలమది. దానిని తక్కువ చేయరాదు. రెండవది, అచ్చట సాధ్యమైనది ఇచ్చట అసాధ్యమని ఇకమీద ఎవరును అనరాదు. సిస్టైను మందిరమున దళితుని చేతికాగితమును పవిత్రమని గైకొన్న సంఘమువారు, తమ ఊరి శ్మశానమున అతని పాడెకు వేఱుదారి చూపినచో, వారు ధిక్కరించునది దళితుని కాదు, తాము జగద్గురువని పిలుచువానినే.

ఈ మాట కతోలికులకు మాత్రమే కాదు. ప్రతి అయిదేండ్లకును మనమందఱము వోటు వేయుచున్నాము. పెట్టెయొద్ద వరుసలో కులము లేదు. ఇంటికి రాగానే గిన్నెలోను, గ్లాసులోను, వాకిటిలోను అది మరల వచ్చి కూర్చుండును. వోటుపెట్టెయొద్ద ఒక్క నిమిషము సమానులమై మిగిలిన అయిదేండ్లు అసమానులముగా బ్రదుకుట ఎన్నికల కపచారము. కతోలిక గృహస్థులు తమ విచారణ పెద్దల సభలో ఎందఱు దళితులున్నారో, ఎందఱు స్త్రీలున్నారో రాబోవు ఆదివారము లెక్కింతురుగాక. తక్కినవారు తమ గుడి ధర్మకర్తల పట్టికను, గ్రామపు పెద్దమనుష్యుల అరుగును అట్లే లెక్కింతురుగాక. అంకెలు తక్కువగా వచ్చినచోట పని మొదలగును.